ఒకే సంతకం ఉన్న గది

ఒక గ్యాలరీ గోడల నిండా ఒకే చిత్రకారుడి చిత్రాలు పెట్టి, వారం పది రోజులు జనానికి చూపించి, కోరినవాళ్లకు అమ్మే పద్ధతిని ఏకవ్యక్తి ప్రదర్శన అంటారు. కళాకారుల వాడుకలో అది సోలో షో. హైదరాబాద్‌లోనైనా ముంబయిలోనైనా బొమ్మలు గీయడమే బతుకుగా ఎంచుకున్నవాళ్లు ముందుగా ఆశపడేది దానికే. ఎన్నాళ్ల నుంచో ఉన్నట్టు అనిపించే ఈ ఆనవాయితీకి నిజానికి రెండున్నర శతాబ్దాల వయసే ఉంది. అది వ్యాపారంలోంచి పుట్టలేదు, తగువులోంచి పుట్టింది. తర్వాత వ్యాపారులు దాన్ని చేపట్టారు. చివరికి చిత్రకారులు ఏం గీయాలో, ఎలా గీయాలో కూడా ఆ గదే కొంతవరకు నిర్ణయించే దాకా వచ్చింది.

అంతకు ముందు బొమ్మ ఎక్కడ ఉండాలన్నది గీయకముందే తేలిపోయేది. లేపాక్షి వీరభద్రాలయం మండపం పైకప్పు మీద శివపార్వతుల కల్యాణం గీసినవాళ్లకు ఆ బొమ్మ ఎవరు చూస్తారన్న సందేహం లేదు. గుడికి వచ్చిన ప్రతివాళ్లూ చూస్తారు. చేర్యాల నకాషీ చిత్రకారులు గీసిన పటాలు కథకుల భుజాల మీద ఊరూరూ తిరిగాయి. జనం రాత్రంతా కూర్చుని చూశారు. అయితే వాళ్లు చూసింది తమ కులపురాణాన్ని, విన్నది కథకుడి గొంతును. పటం గీసిన చేయి ఎవరిదన్న ప్రశ్న అక్కడ రాలేదు. యూరప్‌లోనూ చర్చి గోడకో, ప్రభువుల మందిరానికో గీసిన రోజుల్లో పరిస్థితి ఇంతకంటే భిన్నంగా లేదు. గొప్ప చిత్రకారుల పేర్లు నలుగురికీ తెలిసినా, ఒక మనిషి జీవితమంతా చేసిన పనిని ఒకచోట చేర్చి చూడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఆ ఆలోచనకు దారి వేసింది సామూహిక ప్రదర్శన. ఫ్రాన్స్ రాచ అకాడమీ తన సభ్యుల చిత్రాలను 1667లో తొలిసారి బయట పెట్టింది. 1725లో ఆ ప్రదర్శన లూవ్రు భవనంలోని సలాన్ కారే అనే పెద్ద గదికి చేరింది. ఆ గది వల్లే దానికి సలాన్ అన్న పేరు స్థిరపడింది. 1737 నుంచి సామాన్యులూ క్రమం తప్పకుండా వచ్చి చూడసాగారు. 1748లో ఏ బొమ్మ లోపలికి రావాలో తేల్చడానికి జ్యూరీ ఏర్పడింది. లండన్‌లో 1768లో స్థాపించిన రాయల్ అకాడమీ మరుసటి ఏడాది నుంచి ఏటా ప్రదర్శన పెట్టింది. ప్రవేశానికి ఒక షిల్లింగు. రెండుచోట్లా గోడలు ఒకే తీరుగా ఉండేవి. ఫ్రేముకు ఫ్రేము ఆనించి, నేల దగ్గర నుంచి పైకప్పు వరకు వందల చిత్రాలు. పెద్దవాళ్ల పనికి కంటి ఎత్తున చోటు దొరికేది, పలుకుబడి లేనివాళ్ల బొమ్మ ఎక్కడో పైన, మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తితే తప్ప కనపడని చోట ఉండేది. లోపలికి రానివ్వకపోవడం ఒక అవమానమైతే, లోపలికి రానిచ్చి పైన వేలాడదీయడం ఇంకో అవమానం. తొలి ఏకవ్యక్తి ప్రదర్శనలు ఎక్కువగా ఈ రెండు అవమానాల్లోంచే వచ్చాయి.

1775లో నథానియల్ హోన్ అనే ఐరిష్ చిత్రకారుడు రాయల్ అకాడమీకి ఒక చిత్రం పంపాడు. ఆయన ఆ అకాడమీ వ్యవస్థాపక సభ్యుల్లో ఒకడు. చిత్రంలో ఒక ముసలి మాంత్రికుడు మంత్రదండంతో పాత ముద్రాచిత్రాలను కొత్త బొమ్మగా మారుస్తుంటాడు. అకాడమీ అధ్యక్షుడు జాషువా రెనాల్డ్స్ ఇటలీ ప్రాచీనుల భంగిమలను ఎత్తి తన బొమ్మల్లో వాడుకుంటాడన్నది అందులోని ఎత్తిపొడుపు. నేపథ్యంలో దుస్తులు లేని చిన్న ఆకృతుల్లో ఒకటి తననే ఉద్దేశించిందని చిత్రకారిణి ఏంజెలికా కాఫ్‌మన్ అభ్యంతరం చెప్పింది. అకాడమీ ఆ చిత్రాన్ని తీసేసింది. హోన్ ఆ ఆకృతుల మీద రంగు వేసి మార్చి, సెయింట్ మార్టిన్స్ లేన్‌లో ఒక గది తీసుకుని, ఆ చిత్రంతో పాటు తన పాత చిత్రాలు 60కి పైగా చేర్చి, కేటలాగు అచ్చువేసి జనాన్ని పిలిచాడు. ఒక చిత్రకారుడు తన జీవితకాలపు పనిని తానే ఎంచి ఒకచోట చూపిన తొలి సందర్భంగా చరిత్రకారులు సాధారణంగా చెప్పేది దీన్నే. గొడవపడ్డ ఒక్క బొమ్మను చూపి ఊరుకుంటే సరిపోయేది. పాతవాటినీ పక్కన పెట్టడంలో హోన్ చేసిన వాదన ఉంది: నన్ను ఒక్క బొమ్మతో కాదు, నా పనంతా చూసి తూచండి. ఏకవ్యక్తి ప్రదర్శన అర్థం నేటికీ అదే.

తొమ్మిదేళ్ల తర్వాత థామస్ గెయిన్స్‌బరోది ఎత్తు తగాదా. ముగ్గురు రాకుమార్తెల చిత్తరువును అకాడమీ నియమం కంటే కిందికి దించి పెట్టాలని, లేకపోతే తన సున్నితమైన కుంచె పనితనం చూసేవాళ్లకు అందదని ఆయన కోరాడు. వాళ్లు ఒప్పుకోలేదు. 1784లో ఆయన తన చిత్రాలన్నీ వెనక్కి తెచ్చుకుని, పాల్ మాల్ వీధిలో తానుంటున్న షోంబర్గ్ హౌస్‌లోనే ప్రదర్శన పెట్టాడు. మళ్లీ అకాడమీ గడప తొక్కలేదు. చిత్రం ఎంత ఎత్తున ఉండాలి, దాని మీద వెలుతురు ఎటునుంచి పడాలి అన్నది చిత్రకళలో భాగమేనని ఆయనకు ముందు ఇంత గట్టిగా పట్టుబట్టినవాళ్లు అరుదు.

అదే కాలంలో ఇంకో దారి తెరుచుకుంది. అది డబ్బు దారి. ఒకే ఒక పెద్ద బొమ్మ, వార్తల్లో నానిన విషయం, తలుపు దగ్గర టికెట్టు. జాన్ సింగిల్టన్ కోప్లీ 1781లో చాతం ప్రభువు మరణ దృశ్యాన్ని విడిగా చూపితే జనం దానికే ఎగబడ్డారు. ఆ ఏడాది అకాడమీ ప్రదర్శనకు రాబడి తగ్గింది. పారిస్‌లో జాక్ లూయీ డేవిడ్ 1799లో సబైన్ స్త్రీల చిత్రాన్ని లూవ్రులోని ఒక గదిలో పెట్టి, మనిషికి 1 ఫ్రాంకు 80 సెంటీములు వసూలు చేశాడు. చిత్రానికి ఎదురుగా పెద్ద అద్దం నిలిపాడు. చూసేవాళ్లు తమను తాము చిత్రంలోని యుద్ధం మధ్యలో చూసుకునేవాళ్లు. చిత్రం చూపి డబ్బు తీసుకోవడమేమిటన్న విమర్శ వస్తుందని తెలిసి, ప్రాచీన గ్రీసులో జ్యూక్సిస్ అనే చిత్రకారుడు కూడా ఇలాగే చేశాడని కరపత్రం రాసి పంచాడు. ఆ ప్రదర్శన అయిదేళ్లకు పైగా నడిచింది. వచ్చిన సొమ్ముతో ఆయన ఊరి బయట ఎస్టేటు కొన్నాడు. 1820లో తియోదోర్ జెరికో తన మెదూసా తెప్ప చిత్రాన్ని లండన్ తీసుకెళ్లి ఈజిప్షియన్ హాల్‌లో పెట్టాడు. ముందటి ఏడాది పారిస్ సలాన్‌లో మిశ్రమ స్పందన పొందిన ఆ చిత్రాన్ని లండన్‌లో దాదాపు 40,000 మంది చూశారు. రాబడిలో మూడో వంతు చిత్రకారుడిది. ఇవన్నీ ఒక్క చిత్రం చుట్టూ అల్లిన ప్రదర్శనలు. వీటిలో కళ కంటే తమాషా పాలు ఎక్కువ. హోన్ వేసిన దారి వీటి సందట్లో కొంతకాలం మరుగున పడింది.

ఆ దారిలో ఒంటరిగా నడిచి దెబ్బతిన్నవాడు విలియం బ్లేక్. 1809లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో అన్నగారి మేజోళ్ల దుకాణం ఉన్న ఇంట్లో 16 చిత్రాలు పెట్టాడు. ప్రవేశానికి రెండున్నర షిల్లింగులు, అందులోనే కేటలాగు. ఆ కేటలాగులో బ్లేక్ ఒక్కో చిత్రాన్నీ వివరించడమే కాక, తైలవర్ణాల మీదా, తనకు నచ్చని చిత్రకారుల మీదా నిప్పులు కురిపించాడు. వచ్చినవాళ్లు బహు కొద్దిమంది. పత్రికల్లో వచ్చిన ఒకే ఒక సమీక్ష ఆయన్ను మతిచలించినవాడిగా తీసిపారేసింది. అన్నిటికంటే పెద్దదైన ప్రాచీన బ్రిటన్ల చిత్రం ఆ తర్వాత ఎక్కడికి పోయిందో కూడా దొరకలేదు. అయితే హెన్రీ క్రాబ్ రాబిన్సన్ అనే ఒక సందర్శకుడు కేటలాగు ప్రతులు నాలుగు కొనుక్కుని వెళ్లాడు. బ్లేక్ తన కళ గురించి ఏమనుకున్నాడో ఇవాళ ఇంత వివరంగా తెలుస్తున్నది ఆ చిన్న పుస్తకం వల్లే. ప్రదర్శన ముగిశాక గోడలు ఖాళీ అవుతాయి, కేటలాగు మిగులుతుంది. నష్టపోయిన ఆ ప్రదర్శనను కళాచరిత్ర ఇంత శ్రద్ధగా గుర్తుపెట్టుకోవడం న్యాయమే.

1855 పారిస్ అంతర్జాతీయ ప్రదర్శన దగ్గర పాత తగువు మళ్లీ రాజుకుంది. ప్రభుత్వం అక్కడ ఆంగ్ర్, డెలాక్రువా వంటి పెద్దలకు ఒక్కొక్కరి పనిని కుప్పగా చూపే అవకాశం ఇచ్చింది. గుస్తావ్ కూర్బే పంపినవాటిలో 11 తీసుకున్న జ్యూరీ, అన్నిటికంటే ముఖ్యమైన రెండు భారీ చిత్రాలను తిప్పి పంపింది. ఒకటి ఒర్నాన్‌లో అంత్యక్రియలు, రెండోది దాదాపు 6 మీటర్ల వెడల్పున్న చిత్రకారుడి చిత్రశాల. కూర్బే వెనక్కి తగ్గలేదు. తన చిత్రాలు కొనే ఆల్ఫ్రెడ్ బ్రూయా ఇచ్చిన డబ్బు సాయంతో, ప్రదర్శన ప్రాంగణం పక్కనే అవెన్యూ మోంతేన్‌లో సొంత మండపం కట్టించాడు. జూన్ 28న తెరిచాడు. లోపల 40 తైలవర్ణ చిత్రాలు, కొన్ని రేఖాచిత్రాలు. గుమ్మం మీద వాస్తవికత అన్న మాట. ఒక ఫ్రాంకు టికెట్టుకు జనం రాకపోతే ధర సగానికి దించాడు. అయినా పెద్దగా రాలేదు. ఆగస్టు 3న డెలాక్రువా ఒక్కడే వచ్చి, దాదాపు గంటసేపు ఆ ఖాళీ గదిలో నిలబడి, జ్యూరీ తిప్పిపంపిన చిత్రం ఈ కాలపు అపురూపమైన పనుల్లో ఒకటని డైరీలో రాసుకున్నాడు. కూర్బే కళాదృష్టి డెలాక్రువాకు బొత్తిగా పడదు. అయినా అంత పెద్దాయన చేత ఆ మాట అనిపించింది ఆ గది. ఏకవ్యక్తి ప్రదర్శన చేయగలిగిన పని ఏమిటో చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

1867లో మళ్లీ అంతర్జాతీయ ప్రదర్శన వచ్చినప్పుడు కూర్బే ఇంకో మండపం కట్టాడు. దగ్గర్లోనే ఎదువార్ మానే కూడా తల్లి దగ్గర అప్పు తెచ్చి మండపం కట్టి 50 చిత్రాలు పెట్టాడు. నష్టమే మిగిలింది. చిత్రకారుడే మేస్త్రీల్ని పిలిచి, చెక్క కొని, టికెట్టు అమ్మి, పత్రికల్ని పిలిచే పద్ధతి ఇక సాగదని తేలిపోయింది. ఆ ఖర్చు భరించే మూడో మనిషి కావాలి.

ఆ మూడో మనిషి పాల్ దురాన్-రుయెల్. 1870-71 ఫ్రాన్స్-ప్రష్యా యుద్ధకాలంలో లండన్‌లో చిత్రకారులు మోనే, పిసారోలను కలిసిన ఈ పారిస్ వ్యాపారి, వాళ్ల చిత్రాలు అమ్ముడయ్యే దాకా ఆగకుండా ముందే కొని పెట్టుకునేవాడు. 1874 నుంచి వాళ్లతో కూడిన ఇంప్రెషనిస్టులు గుంపుగా ప్రదర్శనలు పెట్టుకున్నారు, గుంపుగానే తిట్లు తిన్నారు. 1883లో దురాన్-రుయెల్ కొత్త ఎత్తు వేశాడు. మాద్లేన్ వీధిలో గదులు తీసుకుని బూదాఁ, మోనే, రెన్వార్, పిసారో, సిస్లీలకు వరసగా నెలకొకరికి ప్రదర్శన పెట్టాడు. లెక్క స్పష్టమే. గుంపులో ఉన్నంత కాలం కొనుగోలుదారుడు చూసేది ఒక ధోరణిని. విడిగా చూపితే ఒక మనిషి ఎదుగుదల కనపడుతుంది, దాని మీద నమ్మకం కుదురుతుంది, నమ్మకం కుదిరితే ధర నిలబడుతుంది. ఆ ఏడాది అమ్మకాలు పేలవంగా సాగాయి, మోనే విసుక్కున్నాడు. కానీ పద్ధతి నిలిచింది. తలుపు దగ్గర టికెట్టు క్రమంగా పోయి, అమ్మిన చిత్రం మీద వ్యాపారి వాటా దాని స్థానంలోకి వచ్చింది. నేటి గ్యాలరీలు చాలావరకు మూడో వంతు నుంచి సగం దాకా తీసుకుంటున్నాయి.

గదే చిత్రాన్ని మార్చడం మొదలైంది ఇక్కడే. 1891 మే నెలలో దురాన్-రుయెల్ గ్యాలరీలో మోనే 22 చిత్రాలు పెట్టాడు. వాటిలో 15 గడ్డివాములే. అవే వాములు ఒకచోట మంచులో, ఇంకోచోట ఎండలో, మరోచోట పొద్దుగూకేవేళ. ఒక్కోటి విడిగా చూస్తే సాదా పొలం బొమ్మ. పదిహేనూ ఒక గదిలో ఉంటే విషయం గడ్డివాము కాదు, వెలుతురు. కొద్ది రోజుల్లోనే అమ్ముడైపోయాయి. 1895లో రూవాఁ కెథడ్రల్ చిత్రాలు 20 ఒకేసారి పెట్టాడు. వాటిని విడదీయకుండా ప్రభుత్వమే కొనాలని రాజకీయ నాయకుడు క్లెమాన్సో పత్రికలో గట్టిగా రాశాడు. ప్రభుత్వం కొనలేదు. అవి వేర్వేరు దేశాల మ్యూజియాలకు చెదిరిపోయాయి. వరసగా గీసిన చిత్రాలకు కలిగే నష్టం ఇది: ప్రదర్శన జరిగిన ఆ కొద్ది రోజులే ఆ పని పూర్తి రూపంలో బతికింది. మోనే ఆ పాఠం మరిచిపోలేదు. తన చివరి కలువకొలను చిత్రాలను దేశానికి ఇచ్చేటప్పుడు, వాటి కోసమే మలిచిన అండాకారపు గదులు ఉండాలని పట్టుబట్టాడు. ఆయన పోయిన మరుసటేడు 1927లో ఆరాంజెరీ మ్యూజియంలో అవి తెరుచుకున్నాయి.

అదే 1895 చివర్లో ఆంబ్రువాజ్ వొలార్ అనే యువ వ్యాపారి లఫీత్ వీధిలోని తన చిన్న దుకాణంలో సెజాన్ తొలి ఏకవ్యక్తి ప్రదర్శన పెట్టాడు. అప్పటికి సెజాన్‌కు 56 ఏళ్లు. ఊరికి దూరంగా ఎక్స్‌లో ఉంటూ పారిస్‌కు దాదాపు మరుగైపోయిన మనిషి. సుమారు 150 చిత్రాలను మార్చి మార్చి పెట్టారు. కొన్నవాళ్లలో మోనే, దెగా కూడా ఉన్నారు. ఒక చిత్రకారుణ్ణి ముందుగా తోటి చిత్రకారులే గుర్తుపట్టడం, వాళ్ల కోసమైనా ఒక గది తెరిచి ఉండటం ఎంత అవసరమో ఈ ప్రదర్శన చూపింది.

గోడల సంగతి జేమ్స్ విస్లర్ చేతుల్లో మారింది. 1874లో పాల్ మాల్‌లో తన ప్రదర్శనకు గోడల రంగు, తెరలు, పువ్వులు అన్నీ తానే ఎంచాడు. చిత్రాలను ఎడం ఎడంగా పెట్టాడు. 1883లో ముద్రాచిత్రాల ప్రదర్శనకు గది మొత్తం తెలుపు, పసుపు రంగుల్లో అలంకరించి, ద్వారం దగ్గర పనివాడికి కూడా అవే రంగుల దుస్తులు వేయించాడు. అప్పట్లో నవ్వారు. చుట్టూ ఖాళీ ఉంటేనే చిత్రం ఊపిరి తీసుకుంటుందన్న ఆయన పట్టుదలే ఇరవయ్యో శతాబ్దంలో తెల్ల గోడల గ్యాలరీగా ప్రపంచమంతా వ్యాపించింది. 1958లో ఈవ్ క్లైన్ అనే కళాకారుడు పారిస్‌లో ఒక చిన్న గ్యాలరీని ఖాళీ చేసి, గోడలకు తెల్లరంగు వేసి, ఏ చిత్రమూ పెట్టకుండా దాన్నే ప్రదర్శనగా ప్రకటించేదాకా ఆ ధోరణి వెళ్లింది.

భారతదేశంలో ఈ పద్ధతి పోటీ ప్రదర్శనల వెంట వచ్చింది. 1873లో మద్రాసు ప్రదర్శనలో రవివర్మ గవర్నరు బంగారు పతకం పొందాడు. 1888లో బొంబాయి ఆర్ట్ సొసైటీ మొదలైంది. ఇక్కడా జ్యూరీలు, పతకాలు, ఫ్రేముల బారులే. విడిగా ఒకరి పనిని చూపడం చాలా ఆలస్యంగా మొదలైంది. కలకత్తా ప్రభుత్వ ఆర్ట్ స్కూలు ప్రిన్సిపాల్ ముకుల్ దే 1929లో జామినీ రాయ్ చిత్రాలకు చోటిచ్చాడు. రవీంద్రనాథ్ టాగోర్ చిత్రాలు మొదట స్వదేశంలో కాదు, పారిస్ పిగాల్ గ్యాలరీలో 1930 మే నెలలో అర్జెంటీనా రచయిత్రి విక్టోరియా ఒకాంపో చొరవతో గోడకెక్కాయి. ఆ నెలలోనే ఆయనకు 69 ఏళ్లు నిండాయి. కలకత్తాలో అవి కనిపించింది ఆ తర్వాతే. అమృతా షేర్‌గిల్ 1937 నవంబరులో లాహోర్ ఫాలెటీస్ హోటల్లో తన ఏకవ్యక్తి ప్రదర్శన పెట్టింది. అంతకు ముందటి దక్షిణాది యాత్రలో ఆమె చిత్రాలు హైదరాబాద్‌లోనూ కనిపించాయి. ప్రపంచం నలుమూలల నుంచి కళావస్తువులు సేకరించిన సాలార్‌జంగ్ వాటిని చూసి కూడా కొనలేదు. ఇవాళ ఆ సేకరణను తలచుకున్నప్పుడు ఆ లోటు మనసును పీకుతుంది.

గ్యాలరీ అన్న వసతి లేని ఆ రోజుల్లో హోటళ్లూ ఫ్రేముల దుకాణాలే ఆదుకున్నాయి. హైదరాబాద్ బొల్లారంలో పుట్టి, చిన్నతనంలోనే బొంబాయి చేరి, కార్లు కడుగుతూ ఇంటిపని చేస్తూ బొమ్మలు నేర్చుకున్న కె.హెచ్. ఆరా తొలి ఏకవ్యక్తి ప్రదర్శన 1940లలో చేతనా రెస్టారెంట్‌లో జరిగింది. కేకూ గాంధీ 1941లో మొదలుపెట్టిన కెమోల్డ్ ఫ్రేముల దుకాణం అద్దాల వెనుక ఆరా, హుసేన్, హెబ్బార్ చిత్రాలు దారినపోయేవాళ్లకు కనిపించేవి. 1952లో జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ తెరుచుకోవడంతో బొంబాయి చిత్రకారులకు వారాల లెక్కన అద్దెకు గోడలు దొరికాయి. ఆ తేదీ కోసం ఏళ్ల తరబడి వేచి ఉండటం కూడా అక్కడి ఆనవాయితీలో భాగమైంది. 1963లో ఆ భవనం మొదటి అంతస్తులోనే గాంధీ దంపతులు గ్యాలరీ కెమోల్డ్ పెట్టారు.

గ్యాలరీనే వదిలి బయటికి వెళ్లిన ప్రయోగమూ తెలుగు నేల మీదే జరిగింది. సోషలిస్టు నాయకుడు రామ్‌మనోహర్ లోహియా మాట మీద, హైదరాబాద్‌లో బద్రీ విశాల్ పిత్తీ అండతో ఎం.ఎఫ్. హుసేన్ 1960ల చివరి నుంచి రామాయణం మీద సుమారు 150 చిత్రాలు గీశాడు. వాటిని ఎడ్లబండ్ల మీద చుట్టుపక్కల పల్లెలకు తీసుకెళ్లి పరిచి చూపించానని, ఆధునిక శైలిలో ఉన్న ఆ బొమ్మల్లో కన్నేది ముక్కేదని పల్లెజనం ఎవరూ అడగలేదని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. రామకథ వాళ్లకు ముందే తెలుసు. టికెట్టు లేదు, కేటలాగు లేదు, అమ్మకం లేదు. చేర్యాల పటం తిరిగిన దారుల్లోనే ఈసారి గీసినవాడు స్వయంగా బొమ్మ వెంట నడిచాడు.

రాజమండ్రిలో ఇందుకు భిన్నమైన గది ఒకటి ఉంది. 1897లో అక్కడే పుట్టిన దామెర్ల రామారావును ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వల్డ్ కూల్డ్రే గుర్తించి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు దారి చూపాడు. చదువు ముగించి ఊరికి తిరిగివచ్చి, చిత్రకళాశాల నడిపి, 1925 ఫిబ్రవరిలో మశూచితో పోయాడు. 28 ఏళ్లు కూడా నిండలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ బడిని నిలబెట్టాడు. దామెర్ల చిత్రాలు వేలానికి, వ్యాపారుల చేతుల్లోకి చెదిరిపోకుండా ఆయన పేరిట ఏర్పడిన గ్యాలరీలో నిలిచాయి. సిద్ధార్థ రాగోదయం, పుష్పాలంకరణ, నందిపూజ, కార్తీక పౌర్ణమి వంటి చిత్రాలను ఒకదాని పక్కన ఒకటి చూస్తూ, కాలేజీ రోజుల అభ్యాసం నుంచి ఆఖరి ఏళ్ల నిండైన గీత దాకా ఆయన ఎలా ఎదిగాడో ఒక్క పూటలో తెలుసుకోవచ్చు. వాటిలో ఎక్కువ భాగం నీటిరంగులు. వెలుతురు ఎక్కువైతే వెలిసిపోతాయి, గోదావరి గాలిలోని తేమకు కాగితం మచ్చలు పడుతుంది. ఫ్రాన్స్ ప్రభుత్వం రూవాఁ కెథడ్రల్ వరసకు చేయలేకపోయిన పనిని ఒక చిన్న ఊరు తన చిత్రకారుడికి చేసిపెట్టింది. ఆ పనిని ఇక ముందూ నిలబెట్టాలంటే గదిలో వెలుతురును, తేమను అదుపులో ఉంచడం, శిథిలమవుతున్న కాగితాన్ని నిపుణుల చేత బాగు చేయించడం, ప్రతి చిత్రానికీ వివరాలతో మంచి కేటలాగు అచ్చువేయడం తప్పనిసరి.